కిరసనాయిలు ఆరని అతుకు

మేస్త్రిగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను బాపట్లలో మా వీధి చివర బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటున్నాను. "మాస్టారూ, నాన్న పోయారండి. పొద్దున కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటా పడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందండి," అంది. అప్పటికే ఎంతమందికి ఆ మాట చెప్పి ఉందో, గొంతు వణకలేదు. నాకూ ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ప్లేటు బండి మీద విసురుగా పెట్టేసరికి చట్నీ చింది బండాయన చొక్కా మీద పడింది. "ఏంటి మాస్టారూ, ఇడ్లీ బాగోలేదా?" అన్నాడు పాపం. ఇడ్లీ బాగానే ఉంది.

ఇది చదివే మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. తెలిసిన కొద్దిమందికి తప్పుగా తెలుసు. ఆ తప్పు పుట్టించినవాళ్ళలో నేనొకణ్ణి. కాబట్టి పోయినవాళ్ళ గురించి మామూలుగా రాసే నాలుగు మంచి ముక్కల్లా ఇది ఉండదు. చదివి నన్ను తిట్టుకోదలచినవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు.

ఆయన టింకరింగ్ మేస్త్రి, అంటే కారు రేకు పని చేసేవారు. సొట్టలు తీసేవాళ్ళు తెనాలిలో వీధికొకరున్నారు. ఈయన పని అది కాదు. నలభై యాభై ఏళ్ళనాటి కార్లు, గోటితో గీరితే రేకు పొడిగా రాలిపోయేవి, వాటిని తీసుకుని కుళ్ళినంతమేరా కోసేసేవారు. కొత్త రేకుని పాత రేకు వంపుకి సరిగ్గా కొట్టి, గ్యాస్ మంటతో రెండింటినీ కలిపేవారు. కాలవ పక్కన ఒక రేకుల షెడ్డు, రెండు సిలిండర్లు, ఒక దాగలి, రకరకాల సుత్తులు, అంతే ఆయన సామ్రాజ్యం. కుటుంబం రేపల్లెలో ఉండేది. ఆదివారం ప్యాసింజరులో వెళ్ళి సోమవారం ప్యాసింజరులో వచ్చేవారు.

నాకు పాత కార్ల పిచ్చి. లెక్కలు చెప్పుకుని బతికేవాడికి ఇదేం పోయేకాలం అని మా ఆవిడ అనేది. ఆ పిచ్చిలోనే మా ఊళ్ళో ఒక డాక్టరుగారి గొడ్లచావిడిలో పడి ఉన్న మొదటికాలం అంబాసిడరు ఒకటి కొన్నాను. కోళ్ళు వెనకసీటులో గుడ్లు పెట్టేవి. దాన్ని లారీ ఎక్కించి తెనాలి తీసుకెళితే, మేస్త్రిగారు చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి వెనక మడ్‌గార్డు మీద మెల్లగా పొడిచారు. స్క్రూడ్రైవరు పిడిదాకా లోపలికి పోయింది.

"బాపట్ల కారాండి?" అన్నారు.

"అవునండి."

"సూర్యలంక సముద్రపు గాలి తినేసిందండి. మీరు కొన్నది రంగు మాత్రమే. రంగు కింద కారు లేదు."

నాకు మొహం మాడిపోయింది. ఆయన నవ్వలేదు. "ఉంచి వెళ్ళండి, చూద్దాం," అన్నారు. తర్వాత ఏడాదిన్నర పాటు ప్రతి శనివారం నేను ఆ షెడ్డులో ఒక డబ్బా బోర్లించుకుని కూర్చున్నాను. ఆ శనివారాలకి నేనెంత రుణపడి ఉన్నానో చెప్పాలంటే ముందు ఆయన పని ఎలా ఉండేదో చెప్పాలి.

రేకు మందం తక్కువ. మంట ఒకేచోట నిలిపితే అలలు అలలుగా వంకర్లు పోతుంది. అందుకని ఆయన ముందు అంగుళానికొక చోట చుక్కంత మేర అతికిస్తూ పోయేవారు. ఆ తర్వాత ఇక్కడ ఒక రెండంగుళాలు కలిపి, ఆ వేడి దిగకముందే కింద దిమ్మ పెట్టి పైన సుత్తితో తట్టి, లేచి ఇవతలి చివరికొచ్చి అక్కడో రెండంగుళాలు. మొదటిచోటికి మళ్ళీ వెళ్ళేది అది పూర్తిగా చల్లబడ్డాకే. నీళ్ళు పోసి చల్లార్చవచ్చు కదా అని ఒకసారి అన్నాను. సుత్తి కిందపెట్టి నావైపు చూశారు.

"మీ క్లాసులో పిల్లోడికి లెక్క రాకపోతే నెత్తిన నీళ్ళు పోస్తారా?"

"పొయ్యనండి."

"ఇదీ అంతే. ఇనుముకి తొందర లేదు మాస్టారూ. తొందరంతా మనకే."

నేను మామూలుగా ఎవరేమన్నా ఊరుకునే రకం కాదు. కానీ ఆ మాటకి ఊరుకున్నాను. అప్పటిదాకా నా క్లాసులో లెక్క రాని పిల్లాణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టి వచ్చేదాకా వదిలేవాణ్ణి కాదు, ఏడిపించేవాణ్ణి కూడా. ఆ ఏడాది నుంచి ఒకణ్ణి కాసేపు అడిగి, కూర్చోబెట్టి, వేరేవాణ్ణి లేపి, మళ్ళీ ఎప్పుడో మొదటివాడి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ప్రిన్సిపాలు నన్ను మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నానో నేను చెప్పలేదు. చెప్పకపోవడం నాకు అప్పటినుంచే అలవాటు కాబోలు.

మేస్త్రిగారిది కూడా తక్కువ కోపం కాదు. అతుకు మీద మెత్తే పేస్టు డబ్బాని షెడ్డు గడప దాటనిచ్చేవారు కాదు. వేరేచోట అందరూ ఆ పేస్టే మెత్తుతారు. గుంటలున్నా, కంతలున్నా అంత మందాన పూసి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు కొడితే కొత్త కారులా మెరుస్తుంది. ఒకాయన తన కారుతోపాటు పేస్టు డబ్బా కూడా తెచ్చుకుంటే, మేస్త్రిగారు దాన్ని తీసుకెళ్ళి కాలవలోకి విసిరేశారు. "మీరు కూడా ఎళ్ళండి," అన్నారాయనతో. మేస్త్రిగారు మాత్రం అతుకుని ఆకురాయితో సాపు చేసి, సీసం కరిగించి, కొయ్యబద్దతో వెన్నలా పూసేవారు. అది మద్రాసులో ఒక ముసలి మేస్త్రి దగ్గర నేర్చుకున్న విద్యట. తెనాలిలో ఇంకెవరికీ రాదు.

సీసం పూసేముందు ఒక పరీక్ష చేసేవారు. దాని కోసమే నన్ను కాలేజీ నుంచి సుద్దముక్కలు పట్టుకురమ్మనేవారు. ప్రతి శనివారం జేబులో నాలుగైదు ముక్కలు వేసుకుని రైలెక్కేవాణ్ణి. కాలేజీ సొత్తు దొంగిలించిన మాట నిజమే. సుద్దని నీళ్ళలో నూరి, అతుక్కి లోపలివైపు, అంటే మడ్‌గార్డు కింద, తెల్లగా పూసేవారు. అది ఆరాక బయటివైపు అతుకు పొడుగునా కిరసనాయిలులో తడిపిన గుడ్డలు పరిచేవారు. ఒక పూట గడిచాక కారు కిందకి దూరి, బల్బు పట్టుకుని చూసేవారు. అతుకులో సూది మోపినంత సందున్నా కిరసనాయిలు అందులోంచి దిగి తెల్ల సుద్ద మీద మచ్చ పడుతుంది. మచ్చ పడిందా, ఆ ముక్క కోసి మళ్ళీ మొదలు. బాగా వచ్చిందని ఆయన ఎప్పుడూ అనేవారు కాదు. మచ్చ లేకపోతే కింద నుంచి "పర్లేదు" అని ఒక్కమాట వినపడేది.

ఈ పరీక్షకి ఒక షరతుంది. బయటివైపు కిరసనాయిలు అతుకు గరుకులో ఇంకిపోయి ఉంటుంది. తుడిస్తే పోదు. నాలుగు రోజులు ఎండలో పెట్టి, పెట్రోలుతో కడిగి, పైపైన మంట చూపించి, వాసన పూర్తిగా పోయాకే దాని మీద ఏదైనా పూయాలి. లేకపోతే ఏది పూసినా పట్టదు. నూనె చేత్తో బొట్టుబిళ్ళ అంటిస్తే నిలుస్తుందా, అలాగే. ఇది ఆయన నాకు పదిసార్లు చెప్పారు. తెలియక చేశాననడానికి నాకు వీల్లేదు.

మా కారు వెనక మడ్‌గార్డు అతుకు పూర్తయిన వారమే రేపల్లెలో వాళ్ళావిడకి ఆపరేషను పడింది. వెళ్తూ ఆయన నాతో అన్న మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"పరీక్షయిందండి, మచ్చ లేదు. కిరసనాయిలు ఇంకా దాంట్లోనే ఉంది. నేనొచ్చి కడిగి సీసం పూస్తా. అందాకా ఎవర్నీ ముట్టుకోనీకండి."

"సరేనండి," అన్నాను.

మరునాడు మా బావ దిగాడు. బావ అంటే మా ఆవిడకి అన్న. రేపల్లెలో పెద్దమనిషి, పదిమందిలో మాట నెగ్గించుకునే మనిషి. గుంటూరులో ఆదివారం పాత కార్ల ప్రదర్శన ఉందని, మన కారు అందులో ఉండి తీరాలని, తాను ఇప్పటికే అందరికీ చెప్పేశానని అన్నాడు. "అతకడం అయిపోయింది కదా బావా, ఇక రంగే కదా? రంగుకి కూడా ఆ మేస్త్రే రావాలా?" అన్నాడు. ఆయన వచ్చేదాకా ఆగాలని నేను ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. నిజం చెప్పాలంటే, పదిమంది నా కారు చుట్టూ మూగి చూస్తుంటే నిలబడాలని నాకూ ఉంది.

కారుని తాడుతో లాక్కెళ్ళి వేరే వీధిలో ఒక పెయింటరుకి అప్పగించాం. అతను అతుకు దగ్గర వంగి మొహం చిట్లించాడు.

"కిరసనాయిలు కంపు కొడతంది సార్. దీని మీద పేస్టు పెట్టమంటారా?"

"ఏం కాదు, కానియ్," అన్నాడు బావ.

అతను బావ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నేను జేబులోంచి రుమాలు తీసి, అతుకు పొడుగునా తుడిచి, "ఆరిపోయిందిలే, పెట్టెయ్," అన్నాను. లెక్కల మాస్టార్ని. నాలుగు రోజులన్న చోట ఒక్కరోజు సరిపోతుందని నాకు నేనే నిరూపించుకున్నాను.

ఆదివారం గుంటూరు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. పది గంటలకి మా కారు చుట్టూ జనం. బావ మీసం మెలేస్తున్నాడు. పదకొండుకి వెనక మడ్‌గార్డు మీద వెంట్రుకంత గీత కనపడింది. పన్నెండుకి అది పైనుంచి కిందిదాకా పాకింది. ఎవరో ఫొటో దిగడానికి దాని మీద చెయ్యి వేసేసరికి అరచేతంత పెచ్చు ఊడి నేలమీద పడింది. బావ గొంతు పెద్దగా లేచింది.

"చూశారా అండీ? తెనాలి మేస్త్రి అతికిన అతుకు! ఏడాదిన్నర అతికాడండి దీన్ని. ఏడాదిన్నర! ఊడి చేతిలోకొచ్చింది."

పాత కార్లున్న వాళ్ళంతా అక్కడే ఉన్నారు. మేస్త్రిగారి షెడ్డులో కార్లు పెట్టినవాళ్ళు, పెట్టబోయేవాళ్ళు, అందరూ. గుంటూరు డాక్టరుగారొకాయన నెమ్మదస్తుడు, నావైపు తిరిగి, "నిజమేనా మాస్టారూ? అతుకే ఊడిందా?" అని అడిగారు. లేదండి, పేస్టు మేమే మెత్తించాం, నేనే తుడిచాను, అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఆయన మళ్ళీ అడిగారు. "అవునండి, అతుకే అనుకుంటా," అన్నాను.

ఆ "అనుకుంటా" అన్నమాట నేను అబద్ధంలో కూడా తప్పించుకోడానికి పెట్టుకున్న సందు. ఇప్పుడు తలుచుకుంటే అబద్ధం కంటే దాని మీదే నాకు ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

నెల తిరిగేలోపు షెడ్డు ఖాళీ అయింది. ఆ గుంటూరు డాక్టరుగారు మర్యాదగా ఏదో సాకు చెప్పి కారు తీసుకెళ్ళారు. ఈపురుపాలెం ఆసామి ఒకాయన మర్యాద కూడా చూపించలేదు. సగం కోసి ఉన్న కారుని అలాగే ట్రాక్టరు వెనక కట్టి ఈడ్చుకెళ్ళాడు, తలుపులు విడిగా డిక్కీలో వేసుకుని. మేస్త్రిగారు ఎవరినీ ఏమీ అడగలేదట. కార్లు పోయాక పాత కారు కాని పని ఏదీ ఆయనకి రుచించదు. అయినా బతకాలి కదా. షెడ్డు వదిలేసి రేపల్లె వెళ్ళి గేట్లు, కిటికీ ఊచలు, ట్రాక్టరు ట్రక్కులు అతుకుతూ కూర్చున్నారు. రాజమహల్ కట్టిన చేతులతో కోళ్ళగూడు కట్టించాం మేం.

మధ్యలో ఒకసారి ఆయన బాపట్ల వచ్చారు. గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. ఖాకీ పొడుగు చేతుల చొక్కా, చేతిలో సంచి. నేను లోపలి గదిలోకి వెళ్ళిపోయి, లేనని చెప్పమని మా ఆవిడకి సైగ చేశాను. ఆయన వెళ్ళాక ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పంచలో కారు దగ్గర కూచున్నారండీ. ఆ ఊడిన పెచ్చు అక్కడే ఉంది గదా, తీసి వాసన చూశారు. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు. ఇంట్లో ఉండి లేరని నాచేత చెప్పించారు. ఇంకెప్పుడూ నాకిట్టాంటి పని చెప్పకండి."

అంటే ఆయనకి ఆ రోజే తెలిసిపోయింది. నాకు మాత్రం ఇంకా చూసి తెలుసుకోవలసిన అవసరం మిగిలింది, ఎందుకంటే మనసులో ఏ మూలో, ఏమో, నిజంగా అతుకే ఊడిందేమో అనే ఆశ ఒకటి ఉంది. ఇంత నీచమైన ఆశ ఇంకెప్పుడూ పడలేదు. కారుని విజయవాడ తీసుకెళ్ళాను. అక్కడి పనివాడు పేస్టంతా మంటతో కాల్చి తీస్తుంటే కిరసనాయిలు పొగ లేచింది. తీశాక నన్ను పిలిచి చూపించాడు. కింద అతుకు నీలంగా, నిండుగా, పైనుంచి కిందిదాకా ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది.

"ఇది ఎవరు చేశారు సార్? ఇది ఊడడం ఏంటి సార్, దీన్ని కోద్దామన్నా రంపం అరుగుద్ది. ఊడింది పైన పేస్టే. నాకు సీసం రాదు. సన్నగా ఒక పూత గీసి రంగు కొడతా. ఈ అతుకు మీద నేను చెయ్యడానికి ఏం లేదు."

ఆ వారమే రేపల్లె వెళ్ళాను. ఇంటి ముందు పందిట్లో కూర్చుని ఎవరిదో గేటు అతుకుతున్నారు. నల్లద్దాలు పైకెత్తి నన్ను చూసి, "రండి మాస్టారూ," అని ముక్కాలిపీట జరిపారు. లోపలికి కేకేసి టీ చెప్పారు. నేను వచ్చేదారిలో కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి అడ్డదిడ్డంగా మొత్తం చెప్పేశాను. పెయింటరు అడిగింది, నేను తుడిచింది, గుంటూరులో అన్నది. ఆయన టీని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ విన్నారు.

"నాకు తెలుసండి."

"తప్పయిపోయింది మేస్త్రిగారూ."

"నాకెందుకండి చెప్పడం? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళకి చెప్పండి."

"చెప్తానండి," అన్నాను. అంటే సరిపోయింది. ఆయన నమ్మారు. ఆ తర్వాత మూడేళ్ళు బతికారు.

మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆ డాక్టరుగారిని నేను రెండు పెళ్ళిళ్ళలో, ఒక రైల్లో కలిశాను. రైల్లో అయితే చీరాల నుంచి తెనాలి దాకా ఎదురుగా కూర్చున్నాం. వానల గురించి మాట్లాడాను. కొత్త సెల్‌ఫోన్ల గురించి మాట్లాడాను. బావ పరువు పోతుందని ఒకసారి, ఇంత పాత సంగతి ఇప్పుడెందుకని ఒకసారి, సమయం చూసి చెప్పాలని ఒకసారి, ఇలా ప్రతిసారీ ఒక సాకు. మేస్త్రిగారికి అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాణ్ణి. ఆరోగ్యం అడిగేవారు, మా కాలేజీ అడిగేవారు. చెప్పారా మాస్టారూ అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నాకు ఆయన మీద కూడా కోపంగా ఉంది. అడిగితే ఏం పోయేది? నాలుగు తిట్టి ఉంటే ఏం పోయేది? పేస్టు డబ్బాని కాలవలోకి విసిరిన మనిషి నన్నెందుకు విసరలేదు? అడిగి ఉంటే చెప్పేవాణ్ణి అనుకుంటా.

చూశారా, మళ్ళీ అదే మాట.

పెద్దకర్మకి మా కారులోనే వెళ్ళాను. రేపల్లెలో వాళ్ళది సన్నటి సందు. గుమ్మం దిగితే వీధే. వీధిలో షామియానా వేసి బల్లలు పరిచారు. వీధి మొగలో మూడు పాత కార్లు ఆగి ఉన్నాయి. డాక్టరుగారు వచ్చారు. ఈపురుపాలెం ఆసామి వచ్చాడు. బావ ఊరివాడు కాబట్టి అందరికంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫొటోకి దండ వేసి, ఒక్కొక్కరూ రెండు మాటలు చెబుతున్నారు. మంచి మనిషన్నారు. మాట మీద నిలబడేవారన్నారు. ఆసామి లేచి, "పనిమంతుడండి. ఆఖర్లో పాపం చెయ్యి తప్పింది గానీ, మొదట్లో ఆయన పనికి తిరుగులేదు," అన్నాడు. బావ తల ఊపాడు. ఫొటో పక్కన కూర్చున్న వాళ్ళమ్మాయి నేలచూపులు చూస్తోంది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో నాకు ఆ క్షణాన తెలిసింది. ఎలా లేచానో తెలియదు, కుర్చీ వెనక్కి పడింది.

"ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పలేదు," అన్నాను. నాకే తెలియనంత గట్టిగా వచ్చింది. వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు. "గుంటూరులో ఊడింది ఆయన అతుకు కాదు. దాని మీద మేం మెత్తించిన పేస్టు. కిరసనాయిలు ఆరకుండా పెట్టొద్దని ఆయన చెప్పి వెళ్ళారు. వద్దన్న పని నేను చేయించాను. పెయింటరు అడిగితే ఆరిపోయిందని అబద్ధం చెప్పాను. డాక్టరుగారూ, మీరు అడిగితే మీతోనూ అబద్ధం చెప్పాను. అతుకు చెక్కుచెదరలేదు. విజయవాడలో నా కళ్ళతో చూశాను, మూడేళ్ళ కిందట. మూడేళ్ళు నోరు మూసుకున్నాను."

"ఇప్పుడు ఇక్కడ ఇయన్నీ అవసరమా బావా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"నీకు అవసరం లేదు. కూర్చో," అన్నాను. పాతికేళ్ళలో బావతో అలా మాట్లాడడం అదే మొదలు.

డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి ఎవరో పెద్దాయన "భోజనాలు కానివ్వండి" అనేసరికి అందరూ కదిలారు. పప్పు వచ్చింది, గారెలు వచ్చాయి. నా గుండె బరువు దిగిందని మీరు అనుకుంటే పొరబాటు. ఆయన తినలేని చోట, వినలేని చోట చెప్పాను. నా విస్తట్లో అన్నం చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. తినకుండా లేచాను.

చేతులు కడుక్కుంటుంటే వాళ్ళమ్మాయి దగ్గరికి వచ్చింది. బస్టాండు దగ్గర ఫొటోస్టాట్ షాపులో పనిచేసే పిల్ల. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను.

"ఆ కారు తెచ్చారా మాస్టారూ?"

"తెచ్చానమ్మా. వీధి మొగలో ఉంది."

"ఒకసారి చూపిస్తారా? నాన్న చేసిన కారు ఒక్కటి కూడా మేం చూడలేదండి. ఎప్పుడూ తెనాలిలోనే గదా." గుమ్మం వైపు చూసి, "అమ్మ కూడా చూస్తానంటంది," అంది.

లోపలి నుంచి ఒక పెద్దావిడ అడ్డం వచ్చింది. "మీ అమ్మ ఇప్పుడు గడప దాటకూడదే. పదకొండో రోజున వీధిలోకి ఎట్టా వస్తది?"

అమ్మాయి నావైపు చూసింది. నేను బల్లలు రెండు జరిపించి, కారు తెచ్చి, ఆ సన్నటి సందులో వెనక్కి నడిపించాను. డాక్టరుగారు వెనక నిలబడి చేత్తో దారి చూపించారు. వెనక మడ్‌గార్డు సరిగ్గా గుమ్మానికి ఎదురుగా, గడపకి మూరెడు దూరంలో వచ్చేదాకా నడిపి ఆపాను.

మేస్త్రిగారి భార్య గడప లోపలే నిలబడి ఉంది. అమ్మాయి కిందకి దిగి కారు పక్కన వంగింది.

"అతుకు ఎక్కడండి?"

"ఇదిగో, ఇక్కణ్ణుంచి కిందిదాకా," అని వేలుతో గాలిలో గీత గీసి చూపించాను.

ఆ పిల్ల ఇటువైపు నుంచి చూసింది, అటువైపు నుంచి చూసింది. రంగులో తన మొహమే కనపడుతోంది. అరచెయ్యి ఆనించి మెల్లగా పైకీ కిందకీ పోనిచ్చింది.

"దొరకట్లేదండి."

ఆవిడ గడప లోపలి నుంచే వంగింది. చేతిని చీరకొంగుకి తుడుచుకుని మడ్‌గార్డు మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది. పక్కింటి గోడ మీంచి వచ్చే ఎండ ఆ చేతి మీద పడుతోంది. "ఇక్కడేనాండి?" అంది. "ఇంకొంచెం కిందకమ్మా," అన్నాను. చెయ్యి కిందకి జరిగింది. "ఇక్కడా?" అంది. అక్కడేనండి అన్నాను. ఆవిడ చెయ్యి అక్కడ ఆగలేదు. వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, రేకు మీద ఒక్క గరుకు కోసం వెతుకుతూనే ఉంది.